ఆకాశంలో తెగిన మాట

యథార్థ గాథ

ముఖ్యమంత్రి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమల మీద మాయమైన ఆ ఉదయం ఏం జరిగింది? నేలమీద కూర్చుని ఆకాశాన్ని కాసే కంట్రోలర్ల చేతిలో నిజంగా ఉన్నదెంత? ఎన్నికలకూ జాతరకూ హెలికాప్టర్లు దిగే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలకు ఈ కథ చెప్పే పాఠం ఏమిటి?

ఉదయం 8.38, బేగంపేట

2009 సెప్టెంబర్ 2, బుధవారం. పౌర విమానాలన్నీ ఏడాదిన్నర కిందటే శంషాబాద్‌కు తరలిపోవడంతో బేగంపేట రన్‌వే మీద పెద్దగా సందడి లేదు. బెల్ 430 రకం ప్రభుత్వ హెలికాప్టర్ రెక్కలు తిప్పుతూ సిద్ధంగా ఉంది. దాని రిజిస్ట్రేషన్ వీటీ-ఏపీజీ.

ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి వచ్చి ఎక్కారు. మే నెలలో రెండోసారి గెలిచాక తలపెట్టిన రచ్చబండ కార్యక్రమానికి ఆ రోజే శ్రీకారం. చిత్తూరు జిల్లా అనుపల్లిలో జనం మధ్య కూర్చుని, పథకాలు అందుతున్నాయో లేదో వాళ్ళ నోటనే వినాలన్నది ఆయన ఆలోచన. ఆయనతో పాటు ప్రత్యేక కార్యదర్శి పి.సుబ్రహ్మణ్యం, ముఖ్య భద్రతాధికారి ఎ.ఎస్.సి.వెస్లీ ఉన్నారు. ముందు సీట్లలో గ్రూప్ కెప్టెన్ ఎస్.కె.భాటియా, కెప్టెన్ ఎం.ఎస్.రెడ్డి. మొత్తం ఐదుగురు.

8 గంటల 38 నిమిషాలకు హెలికాప్టర్ నేల విడిచి దక్షిణానికి తిరిగింది. దారిలో కృష్ణానది, అది దాటితే నల్లమల. ఆ అడవి మీద కారుమబ్బులు కమ్ముకుని ఉన్నాయి.

గొంతే ఆధారం

విమానం ఎక్కడ ఎగిరినా నేలమీద ఒక మనిషి దాని గొంతు వింటూ ఉంటాడు. అతనే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్. మన దేశంలో ఈ ఉద్యోగులు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా కింద పనిచేస్తారు. దేశపు గగనతలాన్ని ప్రధానంగా ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై అనే నాలుగు పరిధులుగా పంచుకున్నారు. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఆకాశం చెన్నై పరిధిలోకి వస్తుంది.

బయలుదేరిన విమానాన్ని ముందు టవర్ చూస్తుంది. తర్వాత అప్రోచ్ కంట్రోలర్ అందుకుంటాడు. ఇంకా ముందుకు పోతే ఏరియా కంట్రోలర్ చేతికి వస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అప్పగించే ప్రతిసారీ పైలట్ కొత్త ఫ్రీక్వెన్సీకి మారి పలకరించాలి. కంట్రోలర్ ఇచ్చిన ప్రతి ఆదేశాన్నీ పైలట్ తిరిగి చదివి వినిపించాలి. దీన్ని రీడ్‌బ్యాక్ అంటారు. ఎత్తులో వెయ్యి అడుగులు తేడా వినబడినా, ఒక్క అంకె తారుమారైనా కంట్రోలర్ అక్కడికక్కడే పట్టుకోవాలి. రద్దీ వేళ ఒక్క కంట్రోలర్ ఒకేసారి పది, పదిహేను విమానాల వేగాలు, ఎత్తులు, దిక్కులు బుర్రలో పెట్టుకుని, మరో అయిదు నిమిషాల తర్వాత ఏది ఎక్కడుంటుందో ముందే చూడగలగాలి. ఆ చిత్రం ఒక్క క్షణం చెదిరినా మళ్ళీ కూర్చుకోవడానికి వ్యవధి ఉండదు.

మన కాజీపేట లైన్ మీద జనగామలోనో కేసముద్రంలోనో స్టేషన్ మాస్టర్‌కు అనుమానం వస్తే ఎర్ర సిగ్నల్ వేస్తాడు. రైలు ఆగుతుంది. ఆగిన రైలు పట్టాల మీద క్షేమంగా నిలబడి ఉంటుంది. కంట్రోలర్‌కు ఆ వెసులుబాటు లేదు. విమానాన్ని ఎక్కడికక్కడ నిలబెట్టలేడు. మళ్ళించగలడు, పైకి పంపగలడు, కిందికి దించగలడు. చేసేదంతా అది కదులుతుండగానే చేయాలి.

హెలికాప్టర్ల విషయంలో గొంతు అనే ఆ ఆధారం ఇంకా పలచబడుతుంది. అవి తక్కువ ఎత్తులో ఎగురుతాయి. రాడార్ కిరణాలూ రేడియో తరంగాలూ సూటిగా ప్రయాణిస్తాయి కాబట్టి కొండ అడ్డొస్తే చూపూ మాటా రెండూ తెగిపోతాయి. అందుకే ఇలాంటి ప్రయాణాల్లో చాలావరకు పైలట్ తన కళ్ళతో చూసుకుంటూ, మబ్బుకు దూరంగా ఉంటూ నడపాలి. మబ్బులోకి వెళ్తే ఆ కళ్ళూ పనిచేయవు.

9.21 నుంచి 9.27 దాకా

బేగంపేటలో లేచిన ఆ హెలికాప్టర్ కాక్‌పిట్‌లో ఆ తర్వాత జరిగింది మనకు తెలియడానికి ఆధారం వాయిస్ రికార్డర్. ప్రమాదంపై కేంద్రం నియమించిన విచారణ సంఘానికి అప్పటి పవన్‌హన్స్ హెలికాప్టర్ల సంస్థ అధిపతి ఆర్.కె.త్యాగి నాయకత్వం వహించారు. ఆ సంఘం నివేదిక ప్రకారం చివరి ఆరు నిమిషాలకు పైగా పైలట్లు ఒకే సమస్యలో మునిగిపోయారు. ఇంజిన్ బలాన్ని పై రెక్కకు అందించే ట్రాన్స్‌మిషన్‌లో ఆయిల్ ప్రెషర్ తగ్గినట్టు హెచ్చరిక వచ్చింది. అప్పుడు ఏం చేయాలో చెప్పే పేజీ కోసం అత్యవసర పుస్తకంలో వెతకడం మొదలుపెట్టారు.

హెచ్చరిక దీపం వెలిగితే పుస్తకం తీయడం పైలట్ల శిక్షణలో భాగమే. అయితే ఆ సమయంలో వాళ్ళ ముందు ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. నల్లమల మీద పిడుగుల మబ్బులు పెరుగుతున్నాయి. అలాంటి మబ్బు కడుపులో గాలి ఒకచోట పైకి ఎగదన్నుతుంది, పక్కనే పాతాళానికి తోసేస్తుంది. వాటికి దూరంగా మళ్ళాలి, లేదా వెనక్కి రావాలి. హెలికాప్టర్ దారి మార్చుకోకుండా అదే దిశలో సాగిపోయింది.

చివరి క్షణాల్లో కో-పైలట్ గొంతు రికార్డర్‌లో వినబడుతుంది. ‘గో అరౌండ్’ అని ఆయన ఆత్రంగా మళ్ళీ మళ్ళీ అంటున్నారు. పైకి లేచి తప్పించుకోమని ఆ మాటకు అర్థం. కిందికి తోసే బలమైన గాలిలో చిక్కిన హెలికాప్టర్ పైలట్ అదుపు తప్పి, విపరీతమైన వేగంతో కిందికి జారింది. 9 గంటల 27 నిమిషాల 57 సెకన్లకు నల్లమలలోని పావురాలగుట్టను ఢీకొంది.

ఏ కంట్రోల్ రూమ్‌కూ ఆపద పిలుపు అందలేదు. హైదరాబాద్ నుంచి బయలుదేరిన హెలికాప్టర్ గొంతు చెన్నైలో వినబడాలి. వినబడలేదు.

నిశ్శబ్దాన్ని లెక్కపెట్టే పని

ప్రపంచమంతా పాటించే పద్ధతి ప్రకారం విమానం మాట్లాడాల్సిన వేళకు మాట్లాడకపోతే కంట్రోలర్ మూడు మెట్లు ఎక్కాలి. పిలుపు రావాల్సిన సమయం దాటి అరగంట అయితే ‘అనిశ్చిత దశ’. మళ్ళీ మళ్ళీ పిలిచినా పలకకపోతే, చుట్టుపక్కల అడిగినా జాడ లేకపోతే ‘అప్రమత్త దశ’. ఇంకా విస్తృతంగా వెతికినా కబురు లేకపోతే, లేదా ఇంధనం అయిపోయే వేళ దాటితే ‘ఆపద దశ’. ఒక్కో మెట్టుకు ఒక్కో గాలింపు ఏర్పాటు ఉంటుంది.

కాగితం మీద ఇది తేలికగా కనిపిస్తుంది. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి కాదు. రేడియో పాడైందా? కొండ చాటున ఉందా? వాన చూసి ఏ పొలంలోనైనా దిగిందా? ఈ మూడూ మామూలుగా జరిగేవే. ప్రతి నిశ్శబ్దానికీ గాలింపు మొదలుపెట్టలేరు. అలాగని ఎదురుచూస్తూ కూర్చుంటే బతికున్నవాళ్ళను కాపాడే వ్యవధి కరిగిపోతుంది. పిలుస్తూ, వింటూ, గడియారం చూస్తూ, ఫోన్లు చేస్తూ గడిపే ఆ నిమిషాల్లోనే పక్కన ఉన్న మిగతా విమానాలనూ నడిపించాలి. ఈ ఉద్యోగంలోని ఒత్తిడిలో పెద్ద భాగం ఇదే.

అనుపల్లిలో జనం పదిన్నర దాటినా ఎదురుచూశారు. హెలికాప్టర్ రాలేదు. ఎక్కడో క్షేమంగా దిగిందనీ, ముఖ్యమంత్రి రోడ్డు మీద వస్తున్నారనీ పుకార్లు పుట్టాయి. మధ్యాహ్నానికి రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చుంది. అప్పటికి ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉన్న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వాడల్లోనూ అదే దృశ్యం. తర్వాత జరిగిన గాలింపు దేశంలో అంతకుముందు చూడనంత పెద్దది. వైమానిక దళ హెలికాప్టర్లు, రాత్రిపూట చిత్రాలు తీయగల సుఖోయ్-30 విమానం, ఇస్రో వారి రిశాట్-2 ఉపగ్రహం, నేలమీద సీఆర్‌పీఎఫ్ బలగాలు, గ్రేహౌండ్స్, అటవీ సిబ్బంది, దారి తెలిసిన స్థానికులు కదిలారు. వాన ఆగలేదు. చీకటి పడింది. నల్లమల జాడ చెప్పలేదు.

మర్నాడు, సెప్టెంబర్ 3 ఉదయం, వైమానిక దళ హెలికాప్టర్‌కు గుట్ట మీద శకలాలు కనిపించాయి. కమాండోలు తాళ్ళ మీద దిగారు. ఐదుగురిలో ఎవరూ మిగల్లేదు. ఆ సాయంత్రమే కె.రోశయ్య ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

ఎవరి తప్పు?

ఇలాంటి దుర్ఘటన జరిగిన వెంటనే జనం అడిగే మొదటి ప్రశ్న ఇది. ఆకాశం విషయంలో ఈ ప్రశ్నకు ఒక్క పేరు జవాబుగా రావడం అరుదు. వేరేచోట్ల కంట్రోలర్లు బోనులో నిలబడిన రెండు సంఘటనలు చూస్తే అది అర్థమవుతుంది.

1996 నవంబర్ 12 సాయంత్రం. ఢిల్లీ నుంచి లేచిన సౌదీ జంబో జెట్ 14 వేల అడుగుల దగ్గర ఉంది. ఎదురుగా ఢిల్లీకి దిగివస్తున్న కజకిస్తాన్ ఇల్యూషిన్‌ను కంట్రోలర్ 15 వేల అడుగుల దగ్గర ఆగమన్నాడు. ఎదురుగా విమానం ఉందని, ఎన్ని మైళ్ళ దూరంలో ఉందో కూడా చెప్పాడు. కజక్ విమానం చెప్పిన ఎత్తు కంటే కిందికి దిగిపోయింది. హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రెండూ ఢీకొన్నాయి. 349 మంది చనిపోయారు. ఆకాశంలో అగ్నిగోళాన్ని చూసిన అమెరికా సైనిక రవాణా విమానం పైలట్ ఆ సంగతి రేడియోలో చెప్పాడు. రాడార్ తెర మీద రెండు చుక్కలూ మాయమయ్యాయి.

కంట్రోలర్ ఆదేశాలు సరిగానే ఉన్నాయని విచారణలో తేలింది. అయితే అతని ముందున్న రాడార్ విమానం ఎక్కడుందో చూపించేదే తప్ప ఎంత ఎత్తులో ఉందో చూపించేది కాదు. ఎత్తు కోసం అతను పైలట్ మాటనే నమ్ముకోవాలి. పైగా ఢిల్లీకి వచ్చే విమానాలకూ పోయే విమానాలకూ ఒకే దారి ఉండేది. ఆ తర్వాతే రాకపోకలకు వేర్వేరు దారులు వచ్చాయి. ఎత్తు చూపే రాడార్ వచ్చింది. ఎదురెదురుగా వచ్చే విమానాలు వాటంతట అవే హెచ్చరించుకునే టీకాస్ పరికరాన్ని మన దేశం తప్పనిసరి చేసింది.

2002 జూలై 1 రాత్రి. జూరిచ్ కంట్రోల్ రూమ్‌లో పీటర్ నీల్సన్ ఒక్కడే రెండు తెరలు చూస్తున్నాడు. తోటి ఉద్యోగి విశ్రాంతికి వెళ్ళాడు. అలా వెళ్ళడం అక్కడ అలవాటుగా సాగుతోంది. మరమ్మతుల వల్ల ఆ రాత్రి ప్రధాన ఫోన్ లైన్లు పనిచేయడం లేదు. పక్క పరిధి కంట్రోలర్లు ప్రమాదాన్ని గమనించి ఫోన్ చేయాలని చూసినా లైన్ దొరకలేదు. ఆలస్యంగా వచ్చిన ఇంకో విమానాన్ని దింపే పనిలో ఉన్న నీల్సన్ రెండు విమానాలు దగ్గరవుతున్నాయని ఆఖరి నిమిషంలో చూశాడు. ఒకదాన్ని దిగమన్నాడు. దాని టీకాస్ మాత్రం ఎక్కమంటోంది. రెండో విమానాన్ని దాని టీకాస్ దిగమంది. రెండూ దిగాయి. జర్మనీలోని ఉబెర్లింగెన్ మీద 71 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది సెలవులకు బయలుదేరిన పిల్లలు. భార్యనూ ఇద్దరు బిడ్డలనూ పోగొట్టుకున్న ఒక తండ్రి 2004 ఫిబ్రవరిలో నీల్సన్ ఇంటికి వెళ్ళి అతన్ని పొడిచి చంపాడు.

ఆ తండ్రి దుఃఖాన్ని ఎవరూ కాదనలేరు. అయితే నీల్సన్‌ను ఒంటరిగా కూర్చోబెట్టినవాళ్ళు వేరే ఉన్నారు. ఒక మనిషికి ఇద్దరు మనుషుల పని అప్పగించి, ఫోన్లు కోసేసి, ఆ తర్వాత రెప్ప వేయకుండా ఉండమనడం ఎలా కుదురుతుంది? విచారణలో ఆ కంట్రోల్ రూమ్‌ను నడిపే సంస్థ నిర్వహణ లోపాలు బయటపడ్డాయి. సిబ్బందిని తగ్గించి నడిపే అలవాటుకు బాధ్యులైన మేనేజర్లకు కోర్టులో శిక్షలు పడ్డాయి.

మన కళ్ళముందే జరిగిన అహ్మదాబాద్ దుర్ఘటనలోనూ కంట్రోలర్ స్థానం ఎలాంటిదో కనిపిస్తుంది. 2025 జూన్ 12న ఎయిరిండియా 171 లేచిన నిమిషంలోపే ‘మేడే’ అనే ఆపద పిలుపు వచ్చింది. ఏ విమానం పిలిచిందని కంట్రోలర్ అడిగాడు. జవాబు లేదు. విమానాశ్రయం గోడ అవతల అది కూలడం అతను చూశాడు, వెంటనే అత్యవసర వ్యవస్థను కదిలించాడు. ప్రాథమిక విచారణ నివేదికలోనే ఈ వివరం ఉంది. ఆ ప్రమాదంలో విమానంలోనివాళ్ళూ నేలమీదివాళ్ళూ కలిపి 260 మంది పోయారు. అలాంటి దృశ్యం చూసిన మనిషిని మర్నాడు మళ్ళీ అదే కుర్చీలో కూర్చోమనకూడదు.

వెనక్కి మళ్ళే ధైర్యం

నల్లమల కథకు తిరిగి వద్దాం. అక్కడ కంట్రోలర్ల తప్పు ఏముంది? వాళ్ళ చేయి అందని చోట ప్రమాదం జరిగింది. కాక్‌పిట్‌లో ఉన్నదీ అనుభవం లేనివాళ్ళు కాదు. ఒకరు వైమానిక దళంలో గ్రూప్ కెప్టెన్‌గా చేసినవారు. అలాంటివాళ్ళు కూడా వాతావరణాన్ని సరిగ్గా అంచనా వేయలేకపోయారనీ, దారి మార్చాలన్న ఆలోచన చేయలేదనీ నివేదిక చెప్పింది.

నేను అడిగేది ఆ నిర్ణయం వాళ్ళకు ఎందుకు కష్టమైందని. ముఖ్యమంత్రి కార్యక్రమం. వేల కళ్ళు ఎదురుచూస్తున్నాయి. అవతల హెలిప్యాడ్ దగ్గర అధికారులంతా నిలబడి ఉన్నారు. ఇలాంటి ప్రయాణంలో ‘సార్, ఈ రోజు వద్దు’ అనగలిగిన పైలట్‌కు ఆ మాట అన్నందుకు నష్టం జరగదన్న భరోసా ఉండాలి. అంతకుముందు 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలింది. అది కూడా ఉదయపు వేళే, మసక వెలుతురులోనే. ఏడేళ్ళ తేడాతో ఇద్దరు పెద్ద నాయకులను మనం ఇలాగే పోగొట్టుకున్నాం. రెండు సందర్భాల్లోనూ వాతావరణం సరిగ్గా లేదు. ప్రయాణం మాత్రం ఆగలేదు.

మన మైదానాలు, మన టవర్

ఇది నల్లమల అడవికో జూరిచ్‌కో పరిమితమైన సంగతి అనుకోవడానికి లేదు. ఎన్నికలొస్తే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మైదానాల్లో నాయకుల హెలికాప్టర్లు దిగుతాయి. మేడారం జాతరకు భక్తులను ఎక్కించుకుని అడవి మీదుగా హెలికాప్టర్లు తిరుగుతాయి. మహబూబాబాద్ వైపు పాకాల అడవీ, భూపాలపల్లి వైపు గోదావరి దాకా పరుచుకున్న అడవీ తక్కువేం కాదు. వానాకాలంలో ఇక్కడి మబ్బూ నల్లమల మబ్బులాంటిదే. తాత్కాలిక హెలిప్యాడ్ దగ్గర సున్నంతో గీసిన హెచ్ అక్షరం, గాలి దిక్కు చూపే జెండా, ఫైరింజన్ కనిపిస్తాయి. దారిలో ఆకాశం ఎలా ఉందో ఆ నిమిషానికి చెప్పే ఏర్పాటు కూడా వాటితో పాటు ఉండాలి. హెలికాప్టర్ ఎక్కడుందో నిరంతరం చూపే ట్రాకింగ్ ఉండాలి.

ఇప్పుడు వరంగల్ మామునూరు విమానాశ్రయం మళ్ళీ లేవబోతోంది. నిజాం కాలంలో కట్టిన ఆ రన్‌వే మీద 1981 తర్వాత ప్రయాణికుల విమానాలు దిగలేదు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం పునరుద్ధరణకు పచ్చజెండా ఊపింది. పౌర విమానయాన శాఖ మంత్రి మన శ్రీకాకుళం బిడ్డ కింజరాపు రామ్మోహన్ నాయుడు. అది పూర్తయితే మన మూడు జిల్లాలవాళ్ళు శంషాబాద్ దాకా పోనక్కర్లేదు. టెర్మినల్ ఎంత అందంగా ఉంటుందన్న చర్చ ఇప్పటికే మొదలైంది. ఆ టెర్మినల్ పక్కన లేచే టవర్‌లో ఎంతమంది కూర్చుంటారన్న ప్రశ్న కూడా మనమే వేయాలి.

తెర ముందు ఏకధాటిగా కూర్చునే సమయం రెండు గంటలు మించకూడదనీ, మధ్యలో అరగంట విరామం ఉండాలనీ మన దేశంలో నిబంధన ఉంది. సిబ్బంది చాలినంత ఉంటేనే అది అమలవుతుంది. లేకపోతే నిబంధన రిజిస్టర్‌లో ఉంటుంది, మనిషి కుర్చీలో ఉంటాడు. కంట్రోలర్‌గా తయారు కావడానికి ప్రయాగ్‌రాజ్‌లోనో హైదరాబాద్‌లోనో నెలల తరబడి శిక్షణ పొందాలి. తర్వాత ఒక్కో స్థానానికి విడిగా రేటింగ్ సంపాదించాలి. కాబట్టి విమానాశ్రయం ప్రారంభమయ్యాక మనుషుల కోసం వెతికితే కుదరదు. ఇంజినీరింగ్, ఫిజిక్స్ చదివిన మన పిల్లలకు ఈ ఉద్యోగం గురించి ఇప్పుడే చెప్పాలి. కాకతీయ విశ్వవిద్యాలయం చుట్టూ ఉన్న ఎన్నో కాలేజీల్లో ఈ దారి తెలిసినవాళ్ళు తక్కువ.

ఇంకొకటి నాయకులు చేయాల్సింది. ఈ రోజు వాతావరణం బాగాలేదని పైలట్ చెబితే, కంట్రోలర్ ఆగమంటే, సభ వాయిదా వేసి రోడ్డు మీద రండి. మా జనం మిమ్మల్ని తప్పుపట్టరు. గంట ఆలస్యమైతే మేం ఎండలోనో వానలోనో ఎదురుచూస్తాం. ఆగమన్న మాట విని మీరు క్షేమంగా ఇల్లు చేరితే, ఇంకో రోజు వచ్చి మా గోడు వినగలరు.